నత్త విషమూ, కుర్రవాళ్ళ ఆలోచనా



మీ ఇంట్లో డిగ్రీ చదివే అన్నయ్యగాని అక్కయ్యగాని ఉంటే, ఒకసారి వాళ్ళ రికార్డు పుస్తకం అడిగి చూడండి. పైన తేదీ, దాని కింద "ఉద్దేశము", దాని కింద "కావలసిన వస్తువులు", తరవాత "చేయు విధానము", చిట్టచివర "ఫలితము". బొమ్మలు పెన్సిలుతో ముచ్చటగా వేసి ఉంటాయి. పక్కన లెక్చరరుగారి ఎర్రసిరా సంతకం. ఇప్పుడు ఒక్క ప్రశ్న వెయ్యండి: "అన్నయ్యా, ఈ ఫలితం నీకు ప్రయోగం చెయ్యకముందే తెలుసా?" నిజం చెప్పేవాడైతే నవ్వి, "తెలుసురా" అంటాడు.

అట్లా చెయ్యడంలో దోషం లేదు. చేతికి పనితనం రావాలంటే పాత ప్రయోగాలు చెయ్యవలసిందే. ఓనమాలు దిద్దనివాడు కథ రాయలేడు గదా! కాని ఈ లోకంలో జవాబు ఎవరికీ తెలియని ప్రశ్నలు కూడా ఉన్నాయి. లెక్చరరుకూ తెలియదు, పుస్తకం రాసినవాడికీ తెలియదు. అటువంటి ప్రశ్నను పందొమ్మిదేళ్ళ కుర్రవాడి చేతిలో పెట్టవచ్చునా? పెడితే ఏమవుతుంది? ఈ నెల ఆ సంగతి చెబుతాను. ఇది సముద్రపు జంతువుల నరాలను పరిశోధించే ప్రయోగశాలల కథ.

"నరాల సంగతి తెలియాలంటే మనుషుల్ని చూడాలిగాని, సముద్రంలో జంతువులతో ఏం పని?" అని మీకు తోచవచ్చు. చెబుతాను వినండి. మీ కాలికి ముల్లు గుచ్చుకుంటే ఆ వార్తను మెదడుకు చేర్చేవి నరాలు. ఒక్కొక్క నరంలో సన్నని పోగులు ఎన్నో ఉంటాయి. మన ఒంట్లో అన్నిటికన్న లావుపాటి పోగు కూడా సుమారు మిల్లీమీటరులో 50వ వంతే. దానిలోకి తీగ దూర్చి, లోపల ఏం జరుగుతున్నదో చూడడం ఎంత కష్టం! స్క్విడ్ అని ఒక సముద్రపు ప్రాణి ఉన్నది. మెత్తని శరీరం, పది చేతులు, ఆక్టోపస్‌కు దాయాది. అపాయం వస్తే నీళ్ళు చిమ్ముకుంటూ వెనక్కు దూసుకుపోతుంది. ఆజ్ఞ చప్పున అందితేనే ప్రాణం దక్కుతుంది గనుక దాని నరపు పోగులు కొన్ని అర మిల్లీమీటరు లావున ఉంటాయి. మామూలు కంటికే కనిపిస్తాయి! ఇవి నరపు పోగులే అని జె. జెడ్. యంగ్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు 1936లో ప్రకటించారు.

ఆ తరవాత మూడేళ్ళకు, అనగా 1939 ఆగస్టులో, ఇంగ్లండులోని ప్లిమత్ రేవులో ఉన్న సముద్ర జీవశాస్త్ర ప్రయోగశాలకు ఇద్దరు యువకులు వచ్చారు. ఒకరు ఆలన్ హాడ్జ్‌కిన్, వయస్సు 25. రెండవవాడు ఆండ్రూ హక్స్‌లీ, కేంబ్రిడ్జిలో వైద్యం చదువుకుంటున్న విద్యార్థి, వయస్సు 21. సెలవుల్లో తనతో పనిచెయ్యమని హాడ్జ్‌కిన్ అతన్ని పిలిచాడు. నరపు పోగులో ఉన్న పదార్థం ఎంత చిక్కగా ఉన్నదో చూద్దామని వాళ్ళు స్క్విడ్ నరాన్ని నిలువుగా వేలాడదీసి, అందులో పాదరసపు బొట్టు వేశారు. బొట్టు కిందికి జారలేదు! లోపల ఉన్నది నీరు కాదు, గడ్డకట్టిన జిగురువంటిది అని తేలింది. నరం ఎట్లాగూ నిలువుగా వేలాడుతున్నది గదా అని, ఈసారి దానిలోకి వెంట్రుకవంటి గాజుగొట్టం దింపారు. గొట్టం పక్కకు తగిలితే నరం పాడైపోతుంది. అందుచేత హక్స్‌లీ చిన్న అద్దాలు అమర్చి, ఎదుటినుంచీ పక్కనుంచీ ఒకేసారి కనిపించేటట్లు చేశాడు. నరంలో వార్త పరుగెత్తేటప్పుడు లోపల విద్యుత్తు ఎట్లా మారుతుందో అప్పుడు కొలిచారు. వచ్చిన అంకె వాళ్ళు అనుకున్నదానికన్న చాలా ఎక్కువ. ఎందుకో తేల్చుకునేలోపల, సెప్టెంబరులో, యుద్ధం వచ్చిపడ్డది. మిగిలిన పని పూర్తి అయ్యేసరికి 1952 వచ్చింది. 1963లో ఇద్దరికీ నోబెల్ బహుమానం వచ్చింది.

హక్స్‌లీ మరీ అసాధ్యుడు, అటువంటివాడు కోటికొకడు అంటారేమో! అనండి. అందుకనే నేను ఈ నెల చెప్పదలుచుకున్న అసలు కథ అది కాదు. ఇది నత్త కథ.

మీరు జామెట్రీలో శంకువు బొమ్మ వేశారు కదా? అదే ఆకారంలో గుల్ల ఉండే సముద్రపు నత్తలు ఉన్నాయి. వీటిని శంకునత్తలు అందాం. గుడిలో ఊదే శంఖం వేరు, ఈ శంకువు వేరు; ఒత్తు మరిచిపోకండి. శంకునత్తల్లో ఏడువందలకు పైగా జాతులున్నాయి. గుల్లలమీద చీరె అంచులాగా రంగురంగుల డిజైన్లు ఉంటాయి. చూసినవాళ్ళు చెయ్యి చాపకుండా ఉండలేరు. కాని, పిల్లలూ, సముద్రపు ఒడ్డుకు వెళ్ళినప్పుడు ఇటువంటి గుల్ల కనిపిస్తే, లోపల ప్రాణి ఉన్నదేమో అనే అనుమానం ఉన్నంతవరకూ ముట్టుకోకండి. మన దేశపు సముద్రాలలోనూ శంకునత్తలు ఉన్నాయి. ఈ నత్తకు బోలుగా, బల్లెపు మొనలాగా ఉండే పన్ను ఒకటి ఉంటుంది. దాన్ని విసిరి ఎదటి ప్రాణిలో గుచ్చి, విషం ఎక్కిస్తుంది. కొన్ని జాతులు చేపలను తింటాయి. నత్త ఎక్కడ, చేప ఎక్కడ! నత్త చేపను తరిమి పట్టగలదా? తరమనక్కరలేదు. గుచ్చిన ఒకటి రెండు సెకన్లలో చేప కొయ్యబారిపోతుంది. కోనస్ జియోగ్రాఫస్ అనే జాతి గుచ్చి మనుషులు కూడా చనిపోయారు. దానికి విరుగుడు మందు ఈనాటికీ లేదు.

ఫిలిప్పీన్స్ దేశపు మనీలా నగరంలో 1941లో పుట్టిన బాల్డొమెరో ఒలివెరా అనే ఆయన చిన్నప్పుడు ఇటువంటి గుల్లలు పోగుచేసేవారు. పెద్దయి, అమెరికాలో రసాయనశాస్త్రం చదివి, స్వదేశానికి తిరిగివచ్చారు. ఆయన నేర్చుకున్న పని చెయ్యడానికి అక్కడ యంత్రాలు లేవు. చేతులు ముడుచుకు కూర్చోక, యంత్రాలు అంతగా అక్కరలేని పని ఏమున్నదా అని ఆలోచించి, చిన్ననాటి శంకునత్తలను పట్టుకున్నారు. వాటి విషంలో ఏమున్నదో చూద్దామనుకున్నారు. లూర్డెస్ క్రూజ్ అనే శాస్త్రజ్ఞురాలు ఆయనతో కలిసి పనిచేశారు. తరవాత ఒలివెరాగారికి అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో ఉద్యోగం వచ్చింది. ఆ ఊరు సాల్ట్ లేక్ సిటీ. పేరులో ఉప్పు సరస్సు ఉన్నదిగాని, అసలు సముద్రం అక్కడికి సుమారు వెయ్యి కిలోమీటర్లు! అక్కడికే నత్తల విషం తెప్పించుకుని పని సాగించారు.

ఒక్కొక్క నత్త విషంలోనూ నూరుకు పైగా పదార్థాలు ఉంటాయి. వాటిని విడదీసి, ఒక్కొక్కదాన్ని ఎలుక పొట్టలోకి సూదితో ఎక్కించి చూసేవారు. కొన్నిటికి ఎలుక కాళ్ళూ చేతులూ పడిపోయేవి; అంటే అందులో విషం ఉన్నట్టు. తక్కినవాటికి ఏమీ అయ్యేది కాదు. అవి దేనికీ పనికిరావని పక్కన పెట్టేవారు.

1970ల చివరలో ఆ ప్రయోగశాలకు క్రెయిగ్ క్లార్క్ అనే విద్యార్థి వచ్చాడు. ఇంకా డిగ్రీ పూర్తి కాలేదు, పందొమ్మిదేళ్ళవాడు. అతనికి ఒక ఆలోచన వచ్చింది. పొట్టలో వేసినది మెదడుకు చేరుతుందని ఏమిటి నమ్మకం? మెదడు చుట్టూ ఒక కంచె వంటిది ఉంటుంది. రక్తంలో ఉన్న ప్రతి పదార్థాన్నీ అది లోపలికి రానివ్వదు. విషం పనిచేసేది నరాలమీద గదా, మరి దాన్ని నేరుగా మెదడులోకే ఎక్కించి చూస్తేనో? అంతకుముందు ఆ ప్రయోగశాలలో ఎవరూ అట్లా చూడలేదు. ఆచార్యులవారు అతన్ని చూడనిచ్చారు.

పనికిరావని పక్కన పెట్టినవన్నీ లేచి కూర్చున్నాయి! ఒక పదార్థం ఎక్కిస్తే ఎలుక నిద్రపోయింది. ఇంకొకటి ఎక్కిస్తే గుండ్రంగా పరుగెత్తింది. ఇంకొకటి ఎక్కిస్తే ఒళ్ళు గోక్కున్నది. మరొకటి ఎక్కిస్తే గజగజ వణికింది. ఆ నిద్రపుచ్చే పదార్థం మరీ చిత్రమైనది: రెండు వారాలలోపు పసి ఎలుకలను నిద్రపుచ్చుతుంది, అదే ఈడు వచ్చిన ఎలుకలకు ఎక్కిస్తే అవి నిలవకుండా ఎగబాకుతూ పరుగులు తీస్తాయి. 1981లో టాక్సికాన్ అనే శాస్త్రపత్రికలో ఈ పనినిగురించి వ్యాసం ఒకటి వచ్చింది. దానిమీద మూడు పేర్లున్నాయి. మొదటి పేరు క్లార్కుది. ఒలివెరా, క్రూజ్ పేర్లు ఆ తరవాతనే.

ఇక్కడ మీలో కొందరికి ఎలుకలను తలుచుకుని మనసు చివుక్కుమని ఉంటుంది. అది మంచి మనసే. నేడు ఆ దేశపు విశ్వవిద్యాలయాలలో ఎలుకమీద ప్రయోగం చెయ్యాలంటే సంస్థలో ఏర్పాటైన సంఘం ముందుగా చూసి ఒప్పుకోవాలి. విద్యార్థి కూడా, జంతువుకు బాధ తగ్గించే పద్ధతి నేర్చుకున్న తరవాతనే దాన్ని ముట్టుకోవాలి. నత్తలను చంపకుండా విషం తీసే ఉపాయం కూడా కనిపెట్టారు. నత్తకు చేపను చూపి ఆశ పెడతారు. అది పన్ను విసిరే వేళకు, పలుచని రబ్బరు మూత వేసిన గొట్టాన్ని అడ్డం పెడతారు. పన్ను రబ్బరులో దిగి, విషం గొట్టంలో పడుతుంది. పాలు పితికినట్టే! నత్తకు మాత్రం తరవాత చేప ఇస్తారు.

కథ ఇంకా ఉన్నది. 1979లో మైకేల్ మెకింటాష్ అని ఇంకొక కుర్రవాడు వచ్చాడు. పద్ధెనిమిదేళ్ళు, అప్పుడే హైస్కూలు చదువు ముగించాడు. మీ బడిలో ఇంటర్ రాసి ఫలితాలకోసం ఎదురుచూసే పెద్దపిల్లల ఈడువాడు. ఇతడు కోనస్ మేగస్ అనే నత్త విషం తీసుకుని, ఎలుకను వణికించే పదార్థాన్ని తక్కినవాటినుంచి విడదీసి శుద్ధిచేశాడు. శుద్ధిచెయ్యడం అంటే ఒక్కరోజు పని కాదు. విడదియ్యాలి, పరీక్షించాలి, మళ్ళీ విడదియ్యాలి, మళ్ళీ పరీక్షించాలి.

ఆ పదార్థం ఎట్లా పనిచేస్తుందో చెబుతాను. పంటకాలువకు తూములుంటాయి చూడండి. నరం చివర అటువంటి తూములు లెక్కలేనన్ని ఉంటాయి. నరంలో వార్త పరుగెత్తి చివరకు రాగానే తూములు తెరుచుకుంటాయి. కాల్షియం లోపలికి వస్తుంది. అది రాగానే నరం చివరనుంచి ఒక రసాయనం వెలువడి పక్కనున్న నరాన్ని తట్టి లేపుతుంది. అట్లా వార్త ఒక నరంనుంచి ఇంకొక నరానికి దాటుతుంది. నత్త విషం వెళ్ళి ఆ తూము నోట్లో కూర్చుంటుంది. తూము మూసుకుంటే కాల్షియం రాదు, వార్త దాటదు. చేపలో అయితే కండరాలకు వెళ్ళే నరాల తూములు మూసుకుపోయి చేప కదలలేకపోతుంది. మనిషిలో ఆ రకం తూములు ఎక్కడ ఉన్నవనుకున్నారు? వెన్నుపాములో, నొప్పి వార్తను మెదడుకు అందించే నరాల చివరల!

ఇప్పుడు మీకే తెలిసిపోయి ఉంటుంది. ఏ మందుకూ లొంగని నొప్పితో బాధపడే రోగులకు ఈ పదార్థాన్ని మందుగా ఇవ్వవచ్చునని 2004 డిసెంబరులో అమెరికా ప్రభుత్వపు మందుల శాఖ అనుమతి ఇచ్చింది. మందు పేరు జికొనొటైడ్. నత్తలతో పనిలేకుండా రసాయనశాలలోనే తయారుచేస్తారు. మాత్రలాగా మింగేది కాదు. ఒంట్లో అమర్చిన చిన్న పంపుతో వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవంలోకి చుక్కచుక్కగా పంపాలి. దీనివల్ల కొందరికి మతి తప్పినట్టు అవుతుంది గనుక డాక్టర్లు ఆచితూచి వాడతారు. సర్వరోగనివారిణి కాదు. కాని నల్లమందు జాతికి చెందనిది, అలవాటుగా మారి పట్టుకోనిది కావడం గొప్ప విశేషం. పద్ధెనిమిదేళ్ళ కుర్రవాడు మొదలుపెట్టిన పని మందుల షాపుకు చేరడానికి పాతికేళ్ళు పట్టింది.

ఇటువంటి అవకాశం ఇతరులకు ఎట్లా దొరుకుతుంది? క్లార్కు కాలంలో విద్యార్థి ఆచార్యుడి తలుపు తట్టేవాడు. ఇప్పుడూ తట్టవచ్చు. దానికితోడు, అమెరికాలో నేషనల్ సైన్స్ ఫౌండేషన్ అనే ప్రభుత్వ సంస్థ 1987నుంచి డిగ్రీ విద్యార్థులకోసమే ఒక పథకం నడుపుతున్నది. ఒక్కొక్క చోట సుమారు పదిమందిని తీసుకుని, వేసవిలో ఎనిమిది పది వారాలు పరిశోధకులతో కలిపి పని చేయిస్తారు. చేసిన పనికి భత్యం ఇస్తారు. 1888లో మాసచూసెట్సు తీరాన వుడ్స్ హోల్‌లో వెలసిన మెరైన్ బయొలాజికల్ లాబరేటరీ, వాషింగ్టన్ రాష్ట్రపు ద్వీపంలోని ఫ్రైడే హార్బర్ ప్రయోగశాలలు, ఫ్లారిడాలోని విట్నీ ప్రయోగశాల ఇట్లా విద్యార్థులను తీసుకున్న చోట్లే. ఎన్ని చోట్ల ఎంతమందిని తీసుకుంటారన్నది ప్రభుత్వం ఇచ్చే డబ్బును బట్టి మారుతుంది గనుక ఏటా ప్రకటన చూసుకోవాలి. మరొక షరతు ఉన్నది. ఆ డబ్బు ఆ దేశపు పౌరులకూ, స్థిరనివాసపు హక్కు ఉన్నవారికీ మాత్రమే. అక్కడ స్థిరపడిన తెలుగువారి పిల్లల్లో ఈ పత్రిక చదివేవారికి ఇది పనికివస్తుంది. ఇక్కడినుంచి చదువుకోసం వెళ్ళినవారికి ఈ డబ్బు రాదు. వాళ్ళు తమ కళాశాలలో వేరే నిధి ఉన్నదేమో అడగాలి. మన దేశంలో బెంగుళూరు, ఢిల్లీ, ప్రయాగలలో ఉన్న మూడు విజ్ఞాన అకాడమీలు కలిసి విద్యార్థులకూ ఉపాధ్యాయులకూ వేసవి పరిశోధనావకాశం ఇచ్చే ఏర్పాటు చేశాయి. అది సముద్రపు జంతువులకే పరిమితం కాదు, అన్ని శాస్త్రాలకూ వర్తిస్తుంది.

అక్కడికి వెళ్ళిన మొదటిరోజే నరంలోకి తీగ దింపమంటారనుకోకండి. ఉప్పునీటి తొట్లు కడగాలి. నీటి వేడి చూసి రాసిపెట్టాలి. జంతువులకు మేత వెయ్యాలి. మేత తినని జంతువేదో గుర్తుపట్టాలి. తరవాత గాజుగొట్టాన్ని వేడిచేసి, వెంట్రుకకన్న సన్నని మొన వచ్చేటట్లు సాగదియ్యడం నేర్పుతారు. మొదట్లో అవి విరుగుతూనే ఉంటాయి. సూక్ష్మదర్శినికింద నాడీకణాన్ని వెతుక్కుని, చెయ్యి వణకకుండా మొన దానిలోకి దింపాలి. బల్లమీద ఎవరన్నా మోచెయ్యి ఆనిస్తే చాలు, మొన జారిపోతుంది! సాయంత్రానికి ఒక్క మంచి గీత దొరికితే ఆ రోజు పండుగ. దొరకని రోజు కూడా తేదీ వేసి "దొరకలేదు" అని పుస్తకంలో రాయాలి. రికార్డు పుస్తకాల్లో "ఫలితము" ఎప్పుడూ సరిగ్గానే వచ్చే మన కళాశాలల పిల్లలకు ఈ ఒక్క మాట రాయడమే అన్నిటికన్న కష్టంగా ఉంటుందని నా అనుమానం.

తల్లిదండ్రులతో ఒక మాట. "ఎండాకాలం రెండు నెలలు నత్తల తొట్లు కడిగితే మా అబ్బాయికి ఏం వస్తుందండీ?" అని ఒక తండ్రిగారు నన్ను అడిగారు. దాపరికం లేకుండా చెబుతాను. భత్యం కొద్దిగానే వస్తుంది. నూటికి తొంభైమంది ఏమీ కనిపెట్టరు. మార్కుల జాబితాలో ఒక్క మార్కు పెరగదు. ఈ పని తనకు సరిపడదని తెలుసుకుని తిరిగివచ్చే పిల్లలు కూడా ఉంటారు. ఇరవై ఏళ్ళకే తెలిసింది గదా, అదీ లాభమే. సర్టిఫికెట్టుకోసం మాత్రం పంపకండి. ఆ ఒక్క కాగితానికి రెండు నెలలు దండుగ. పిల్లవాడు తనంతట తాను ఏదైనా ప్రశ్న వేస్తుంటే పంపండి. డాక్టరు కావాలని పట్టుపట్టేవారికి ఇంకొక మాట: మెకింటాష్ తరవాత వైద్యం చదివి మానసికవైద్యుడై, అదే యూటా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు. నత్తలను మాత్రం వదలలేదు.

ఆచార్యుడికి ఉత్తరం రాసే పెద్దపిల్లలు ఒకే ఉత్తరాన్ని నూరుమందికి పంపుతారు. అందులో పేరు మార్చడం కూడా మరిచిపోతారు! అట్లా కాకుండా ఆయన రాసిన వ్యాసం ఒకటి తెచ్చుకుని, అర్థమైనంతవరకు చదివి, అర్థం కానిచోట పుట్టిన ప్రశ్నను ఒక పేజీలో రాయండి. వారం రోజుల్లో జవాబు రాకపోతే కోపం తెచ్చుకోకుండా ఇంకొకసారి రాయండి.

చిన్నపిల్లలు అంతవరకూ ఆగనక్కరలేదు. ఎరిక్ కాండెల్ అనే శాస్త్రజ్ఞుడు సముద్రపు కుందేలు అని పిలిచే పెద్ద నత్తజాతి ప్రాణిమీద పనిచేశారు. దాని నాడీకణాలు మొత్తం సుమారు 20,000 మాత్రమే. దాన్ని మెల్లగా తాకితే మొప్పను లోపలికి ముడుచుకుంటుంది. పదేపదే తాకుతుంటే, ఇందులో ప్రమాదం లేదని నేర్చుకున్నట్టు, ముడవడం తగ్గిస్తుంది. ఆ నేర్పు ఏ నరాల మధ్య ఎట్లా కలుగుతున్నదో చూపించినందుకు ఆయనకు 2000లో నోబెల్ బహుమానంలో భాగం వచ్చింది.

మీ పెరటి గోడమీద వానాకాలంలో పాకే నత్త కూడా నేర్చుకుంటుందా? చూడండి. మెత్తని గడ్డిపరకతో దాని కొమ్మును తాకండి, గుచ్చకండి. కొమ్మును ఎంతసేపు లోపల దాచుకున్నదో అంకెలు లెక్కపెట్టి రాయండి. మళ్ళీ బయటికి చాపిన తరవాత మళ్ళీ తాకండి. ఇట్లా పదిహేనుసార్లు. అరగంట ఆగి ఇంకొక ఐదుసార్లు. నత్తను చేత్తో పట్టుకోకండి. పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోండి. ఏమవుతుందో నేను ముందుగా చెప్పను. తేదీ, వేళ, వాన పడుతున్నదా లేదా, పదిహేను అంకెలు, తరవాతి ఐదు అంకెలు ఒక కాగితంమీద రాసి మన పత్రికకు పంపండి. నత్త మధ్యలో విసిగి వెళ్ళిపోతే, వెళ్ళిపోయింది అని రాయండి.